నాలుగువందల పన్నెండో దుప్పటి

భూదవ్వకు చదువు రాదు. ఆ ఒక్క లోపం వల్ల చలికాలం ఎప్పుడు పోయిందో ఆమెకు ఇట్టే తెలిసిపోయేది. పొద్దున్నే చెప్పులు విడిచి, నారుమళ్ల పక్కనున్న ఇసుక కుప్ప మీద కాలు పెట్టేది. అరికాలు జివ్వుమంటే ఇంకా ఆగాలి. జివ్వుమనకపోతే విత్తనం నానబెట్టుకోవచ్చు. ఇరవై రెండేళ్లుగా ఆ సర్కారు నర్సరీలో రోజుకూలీగా ఆమె నారు పోసింది ఈ ఒక్క శాస్త్రం మీదే. వంగ కానీ, మిరప కానీ, టమాటా కానీ ఆమె కాలి మాట తప్పలేదు. ఆ నారు పట్టుకెళ్లి పెరళ్లలో, గుంటెడు చెలకల్లో వేసవి కూరగాయలు పండించుకునే ఆడవాళ్లు ఆ పట్నం చుట్టూ రెండు మూడు వందల మంది ఉండేవారు.

ఈ ఏడు రథసప్తమి వెళ్లిన మూడోనాడు ఇసుక మాట ఇచ్చింది. భూదవ్వ ఆ సాయంత్రం ఇంటికి పోయి, పొయ్యి పైన ఉట్టికి కట్టిన గుడ్డమూట విప్పింది. అందులో బూడిద కలిపి దాచిన ముండ్ల వంకాయ విత్తనం చిటికెడు ఉంది. ఆ వంకాయ బజారులో దొరకదు. పచ్చటి కాయ మీద తెల్లటి చారలు, తొడిమె నిండా ముళ్లు. కోసేటప్పుడు వేళ్లకు నెత్తురు తీస్తుంది, నువ్వులపొడి వేసి వండితే ఆ నొప్పి మరిపిస్తుంది. అత్తగారు పోతూ పోతూ భూదవ్వ చేతిలో పెట్టిన ఆస్తి అదొక్కటే. కిందటి రెండేళ్లూ వానలకు చేలు కుళ్లి, విత్తనానికి విడిచిన కాయ ఒక్కటి కూడా దక్కలేదు. మూటలో ఉన్నది మూడేళ్ల నాటి విత్తనం. ఇంకొక్క ఏడు ఆగితే అందులో ప్రాణం ఉండదు. ఈసారి అది మొలవాలి, నాటుకోవాలి, కాయాలి, కనీసం ఒక్క కాయ చెట్టు మీదే పండాలి. లేదంటే ఆ వంకాయ పేరు చెప్పుకోవడమే తప్ప తినేవాళ్లుండరు.

ఇంట్లో పోసుకుందామంటే ఆమెకున్నది ఒక రేకుల గది, గడప ముందు పగిలిన బకెట్టు పట్టేంత జాగా. అందుకని ఎప్పటిలాగే నర్సరీలోనే పోసింది. విత్తనాన్ని ఒక రాత్రి తడిగుడ్డలో కట్టి, పొద్దున్నే గళ్లున్న ట్రేలు అయిదింటిలో గడికొక గింజ చొప్పున వేసింది. అయిదు ట్రేలకు కలిపి నాలుగువందల తొంభై గళ్లు. తొమ్మిదో రోజుకు నాలుగువందల పన్నెండు మొలిచాయి. మూడేళ్ల ముసలి విత్తనానికి అది గొప్ప పంట. భూదవ్వ ఆ రోజు ఎవరికీ చెప్పకుండా బెల్లం ముక్క ఒకటి నోట్లో వేసుకుంది.

ఆమెకు తెలియని సంగతి ఒకటుంది. ఆ మధ్యనే నర్సరీ చేతులు మారింది. పైన ఉండే పెద్ద అధికారి ఒకాయన ఏదో సదస్సుకు వెళ్లి, అక్కడ భోజనాల వేళ జ్ఞానోదయం పొంది వచ్చారు. పథకాలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి, జనం ఒకే నెలలో దుప్పటీ తీసుకుంటున్నారు, మజ్జిగా తాగుతున్నారు, ఈ గందరగోళం పోవాలి అన్నారు. దాంతో 'ఒక కాలం - ఒక పథకం' అనే సంస్కరణ పుట్టింది. దాని ప్రకారం ఒక కాలపు పథకం పూర్తిగా ముగిస్తే తప్ప మరో కాలపు పథకం మొదలుపెట్టకూడదు. పథకం ముగిసేదాకా ఆ కాలం కూడా ముగిసినట్టు కాదు. చలికాలపు పథకం దుప్పట్ల పంపిణీ. దాని తర్వాతది పెరటి నారు పంపిణీ. ఈ కాలాలను అదుపులో పెట్టడానికి ప్రతి జిల్లాకూ ఒక రుతు సమన్వయ కార్యాలయం వెలసింది, నర్సరీలు దాని కిందికి పోయాయి. మన జిల్లాకు ప్రభంజన్‌రావు గారు సమన్వయాధికారిగా వచ్చారు. పచ్చదనమంటే ఆయనకు పంచప్రాణాలు. గదిలో తొమ్మిది ప్లాస్టిక్ చెట్లుండేవి, వాటికి దుమ్ము దులపడానికి ఒక మనిషి ఉండేవాడు.

శివరాత్రి మర్నాడు భూదవ్వ ఆ గదికి వెళ్లింది. నారు నాలుగాకులు వేసింది, ఇంకో వారం పది రోజుల్లో పంచేయాలి, పంచాలంటే రిజిస్టరులో సారు సంతకం కావాలి. లోపల ఫ్యాను తిరగడం లేదు. ప్రభంజన్‌రావు గారు ఉన్ని స్వెటరు వేసుకుని, మెడకు మఫ్లరు చుట్టుకుని, చెమటలు కారుస్తూ కూర్చున్నారు. పక్కన సీనియర్ అసిస్టెంటు మురహరి మంకీ క్యాపుతో నిలబడి ఉన్నాడు. ఇద్దరికీ ఒకేసారి జ్వరం తగిలిందేమోనని భూదవ్వకు జాలేసింది.

"వంగనారు అందుకొచ్చింది సార్. మీరు సంతకం పెడితే పంచుత," అంది.

ప్రభంజన్‌రావు గారు కళ్లజోడు సవరించుకున్నారు. "నారు పథకం ఇంకా ప్రారంభమే కాలేదు. ప్రారంభం కాని పథకంలో నారు ఏ విధంగా ఉత్పన్నమైంది?"

"మొలిసింది సార్."

"ఎవరి ఉత్తర్వుల మేరకు?"

భూదవ్వ ఆలోచించింది. ఇరవై రెండేళ్లలో ఏ విత్తనమూ ఆమెను ఆ ప్రశ్న అడగలేదు. "ఇసుక సల్లగ లేకుండె సార్. అందుకే పోసిన."

"చూడమ్మా, ఈ జిల్లాలో చలికాలం అమలులో ఉన్నది. సదరు కాలం అమలులో ఉండగా మొలకెత్తడం నిబంధనలకు విరుద్ధం."

"సలి ఏడున్నది సార్? శివరాత్రికి శివశివ అనుకుంట పాయె."

"శివరాత్రి మన కార్యాలయ పరిధిలోకి రాదు," అన్నారాయన.

మురహరి ఆమెను పక్కకు తీసుకుపోయి, తెలిసిన మనిషి కనుక తెలుగులో చెప్పాడు. "అవ్వా, వెయ్యి దుప్పట్లు రావాలె. కార్తీకంల రావాల్సినయి, ఇంకా రాలే. అయి వచ్చి పంచినంక పథకం మూస్తం. మూసినంక సలికాలం పోతది. అప్పుడు నీ నారు మొలువొచ్చు."

"దుప్పట్లు రాకుంటే సలి పోదా?"

"పోతే ఎట్ల? సలి లేనప్పుడు దుప్పట్లెందుకు కొన్నరని అడగరా?"

భూదవ్వకు అర్థం కాలేదు. అర్థం కావడానికి ఏడు పరీక్షలు పాసవ్వాలి, ఆమె ఒక్కటీ రాయలేదు. ఆ సాయంత్రమే మురహరి నర్సరీకి వచ్చి నారు మొక్కలు ఒక్కొక్కటీ లెక్కపెట్టి, నాలుగువందల పన్నెండని ఫైలులో రాసుకుని, ట్రేల పక్కన ఒక కాగితం అంటించాడు. 'ఈ మొక్కలు తదుపరి ఉత్తర్వులు వెలువడే వరకు మొలకెత్తనట్లుగా భావించవలెను' అని అందులో ఉంది. అందులో ఒక్క మొక్క తగ్గినా మీదే పూచీ అని గేటు దగ్గర కాపలా మనిషికి, భూదవ్వకు కలిపి చెప్పాడు. నాలుగు మొక్కలు కొంగులో చుట్టుకుపోదామన్న ఆలోచన ఆమెకు వచ్చింది. కానీ ఇరవై రెండేళ్లలో ఆ గేటు దాటించి ఆమె ఒక్క ఆకు తీసుకుపోలేదు. పైగా పని పోతే గదికి కిరాయి కట్టే దారి లేదు. ఆలోచన వచ్చినంత త్వరగా పోయింది.

ఎండలు ముదిరాయి. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వలేదన్నట్టు, సూర్యుడు ఎంత మొత్తుకున్నా సమన్వయ కార్యాలయం ఒప్పుకోలేదు. పైగా వారానికొక సర్క్యులరు వచ్చింది. చలికాలం అమలులో ఉన్న దృష్ట్యా కార్యాలయాల్లో ఫ్యాన్లు వాడరాదు. సమీక్షా సమావేశాలకు హాజరయ్యే సిబ్బంది ఉన్ని దుస్తులు ధరించాలి, లేనివారిని గైర్హాజరుగా పరిగణిస్తారు. బస్టాండు ముందు కిరాణా వ్యాపారులు పుణ్యానికి పెట్టిన చలివేంద్రాన్ని 'చలికాలంలో చలివేంద్రం ప్రభుత్వ వైఖరిని అపహాస్యం చేయడమే' అని మూయించారు. సమావేశంలో స్టెనో ఒకడు స్వెటరుతో సహా కుర్చీలోంచి జారిపోతే, చలికి కొయ్యబారిపోయాడని మినిట్స్‌లో రాశారు. మురహరి సొంత చేత్తో రాసిన వాక్యమది. రాశాక టోపీ తీసి, పిండి, మళ్లీ పెట్టుకున్నాడట.

భూదవ్వ మాత్రం పొద్దున, సాయంత్రం నారుకు నీళ్లు చల్లుతూ, ట్రేలను వేప నీడ వెంట జరుపుతూ పోయింది. నెల దాటింది. కాండం సన్నగా పొడుగు సాగుతోంది. గడిలో వేళ్లు చుట్టుకుపోతున్నాయి. నారు ముదిరితే నాటినా కాపు పట్టదని ఆమెకు తెలుసు. నారుపథకం రాసినవాళ్లకు తెలుసో లేదో అడగాలంటే వాళ్లెవరో తెలియదు. కూరగాయలమ్మే కనకవ్వ రోజూ గేటు బయట నిలబడి అడిగేది.

"వదినే, మడి తవ్వి పెంటెరువు ఏసి ఇరవై దినాలాయె. నారెప్పుడిస్తవే?"

"దుప్పట్లు రానియ్యి," అనేది భూదవ్వ.

"నారుకు దుప్పట్లకు ఏం సంబంధమే?"

"ఇద్దరం సదువుకోలే. మనకెట్ల తెలుస్తది?"

నవ్వడానికే అన్నా, ఆ మాట అన్నప్పుడల్లా భూదవ్వ ట్రేల దగ్గరకు పోయి ఆకులు తడిమి చూసేది. అత్తగారి చేతిలోంచి తన చేతిలోకి వచ్చింది తన చేతిలోనే పోతుందేమోనని ఆమెకు నిజంగా భయం వేసింది.

ఉగాది ఇక పది రోజులుందనగా దుప్పట్లు వచ్చాయి. రెండు లారీలు, వెయ్యి దుప్పట్లు, ఒక్కొక్కటి గొర్రెపిల్ల బరువు. ఆ మధ్యాహ్నం పట్నంలో ఎండ నలభై డిగ్రీలు. హాస్టలు పిల్లలు అయిదువందల ఎనభై ఎనిమిది మందిని ఎండలో వరసగా నిలబెట్టి, భుజాన దుప్పటి కప్పి ఫోటోలు తీశారు. మిగిలినవి నాలుగువందల పన్నెండు. వాటిని తీసుకునేవాళ్లు లేక కాదు, ఇవ్వడానికి వీల్లేక చిక్కు వచ్చింది. మూడేళ్లలో దుప్పటి తీసుకున్నవారు అనర్హులని నిబంధన. కిందటేడు ఊరు ఊరంతటికీ పంచారు, అది ఓట్ల ఏడని అందరికీ తెలుసు. కాబట్టి ఇప్పటివరకు దుప్పటి ఎరగని జీవులు కావాలి. రాత్రిళ్లు ఆరుబయట ఉండాలి. ప్రభుత్వ సంరక్షణలో ఉండాలి. అలాంటి నాలుగువందల పన్నెండు మంది దొరికితే తప్ప చలికాలం కదలదు.

ఆ రాత్రంతా మురహరికి నిద్ర లేదు. పొద్దున నర్సరీ ఫైలు తిరగేస్తుంటే అందులోనూ నాలుగువందల పన్నెండు కనిపించింది. రెండు ఫైళ్లలో ఒకే అంకె కనబడితే గుమాస్తా గుండె ఎలా పొంగుతుందో గుమాస్తాలకే తెలుసు. రెండు ఫైళ్లూ చంకన పెట్టుకుని ప్రభంజన్‌రావు గారి గదిలోకి పరుగెత్తాడు.

ఆయన రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశారు. "ఈ కాలంలోనే జన్మించారు. గతంలో దుప్పటి పొందలేదు. ఆరుబయట నివసిస్తున్నారు. మన సంరక్షణలోనే ఉన్నారు. మురహరీ, వీరికంటే అర్హులు రాష్ట్రంలో ఉన్నారా?"

"లేరు సార్."

"ఇంతకాలం వీరిని విస్మరించాం. అది మన తప్పిదం," అన్నారాయన, నిజంగానే నొచ్చుకుంటూ.

లబ్ధిదారుల నమోదు మర్నాడే మొదలైంది. కంప్యూటరులో పేరు లేనిదే దుప్పటి రాదు. మురహరి లక్ష్మి, సరస్వతి, పార్వతి అంటూ దేవతల పేర్లతో మొదలుపెట్టాడు. డెబ్బై దాటేసరికి దేవతలు అయిపోయారు. తర్వాత మేనత్తలు, మరదళ్లు, బడిలో చదువు చెప్పిన పంతులమ్మలు, ఆ తర్వాత పూల పేర్లు పడ్డాయి. ఇంటిపేరు అందరికీ వంగ. వయసు దగ్గర చిక్కొచ్చింది. రోజులు వేసే గడి లేదు, ఏళ్లకే ఉంది. నలభై రోజుల నారు గనుక నలభై అని వేశాడు. వృత్తి అన్నచోట 'పెరుగుట' అని రాశాడు. సంరక్షకురాలు భూదవ్వ. ఇక వేలిముద్ర కావాలి. మురహరి ఒక్కో మొక్కను వంచి, అడుగాకును నీలం సిరా ప్యాడు మీద అద్ది, కాగితం మీద ఒత్తాడు.

"ఆకుకు సిరా రాస్తే ఊపిరాడదు బిడ్డా," అంది భూదవ్వ.

"ముద్ర లేకుంటే దుప్పటి రాదవ్వా."

"దానికి దుప్పటి వద్దు."

"వద్దంటే వద్దని రాసియ్యాలె. ఒక్కొక్కటి ఏరే ఏరే కాగితం మీద, ముద్రేసి." మురహరి సిరా ప్యాడు ఆమె ముందుకు జరిపాడు. "అండ్ల గూడ ముద్ర గావాలె."

సంరక్షకురాలిగా భూదవ్వ బొటనవేలు కూడా నాలుగువందల పన్నెండుసార్లు పడింది. ఆ వేలు ఉగాదిదాకా నీలంగానే ఉంది.

పంపిణీ బుధవారం పది గంటలకు జరిగింది. షామియానా వేశారు, మైకు పెట్టారు. ప్రభంజన్‌రావు గారు మొదటి దుప్పటిని స్వయంగా విప్పి, నాలుగంగుళాల మొక్క మీద కప్పి, కెమెరా వైపు చూశారు. ఒక్కొక్కరికి ఒక్కొక్కటి ఇవ్వాలి, ఇద్దరికి కలిపి ఒకటి ఇస్తే కోత పెట్టినట్టు అవుతుంది. అందుకని ఒక్కో ట్రే మీద మొక్కల లెక్కను బట్టి ఎనభై రెండో, ఎనభై మూడో దుప్పట్లు పేర్చారు. అయిదో ట్రే దగ్గరకు వచ్చేసరికి ఒకటి తక్కువైంది. మళ్లీ లెక్కపెట్టారు. నాలుగువందల పదకొండే ఉన్నాయి. మిగిలిన ఆ ఒక్కటి ప్రభంజన్‌రావు గారి జీపు ముందు సీటు మీద మెత్తగా పరిచి ఉందని అక్కడున్న అందరికీ తెలుసు, డ్రైవరుకు మరీ బాగా తెలుసు. దుప్పటి అందని ఆ లబ్ధిదారు ఫోటోలో పడితే బాగుండదని, ఆ గడి మొక్కను ఊడబెరికి మట్టి వేళ్లతో సహా అవతల పారేయబోయారు. భూదవ్వ అందుకుని, కొబ్బరిచిప్పలో పెట్టి, నీళ్లట్యాంకు వెనక నీడలో దాచింది. అక్కడిదాకా బాగానే ఉంది, కానీ దాని పేరు అప్పటికే కంప్యూటరులోకి ఎక్కిపోయింది. వంగ పారిజాతం, నలభై ఏళ్లు.

"ఇగ తీస్తరా సార్, ఫోటోలు అయినయి గద?" అని అడిగింది భూదవ్వ.

"తీయడమా? రాజధాని నుంచి పరిశీలన బృందం రావాలి. వారు ప్రత్యక్షంగా ధ్రువీకరించే వరకు లబ్ధిదారుల నుంచి దుప్పటి తొలగించడం నేరం."

"ఎప్పుడొస్తరు?"

"ఆదివారం లోపు."

భూదవ్వ బుధవారం మధ్యాహ్నం దాకా ఓర్చుకుంది. నడినెత్తిన ఎండ, మోకాలెత్తు ఉన్ని గుట్ట, కింద వేలెడంత మొక్కలు. ఇక ఆగలేక ఒక గుట్ట దగ్గరకు పోయి, దుప్పట్లు ఒక్కొక్కటీ లాగి పక్కన పడేసింది. ఎనభై రెండూ తీసేసరికి చేతులు పడిపోయాయి. అడుగున ఆకులు ఉడికిన తోటకూరలాగా మట్టికి అంటుకుపోయి ఉన్నాయి. ఒకటి రెండు కాండాల్లో ఇంకా పచ్చదనం ఉంది. నీళ్లు చల్లుతుండగా కాపలా మనిషి వచ్చాడు, వాడి వెనక జీపు వచ్చింది. ప్రభంజన్‌రావు గారు దిగి, నేల మీద పడి ఉన్న దుప్పట్లను చూసి నిర్ఘాంతపోయారు. ఆమెకు అక్కడికక్కడే మెమో ఇచ్చారు. సంరక్షకురాలై ఉండి, నడి చలికాలంలో ఎనభై ఇద్దరు నిస్సహాయ మహిళల ఒంటిమీది దుప్పట్లు లాగివేసినందుకు సంజాయిషీ అడిగారు. దుప్పట్లు మళ్లీ పేర్చారు. గాలికి ఎగిరిపోకుండా పైన ఇటుకలు పెట్టారు.

శనివారం సాయంత్రం బృందం వచ్చింది. ముగ్గురు, మూడు స్వెటర్లు. అయిదు గుట్టల చుట్టూ తిరిగారు, లెక్క చూసుకున్నారు. పెద్దాయన ఒక గుట్టను వేలితో నొక్కి, "నాణ్యమైన ఉన్ని. లోపల లబ్ధిదారులు ఎట్లా ఉన్నారు?" అని అడిగారు.

"ఒక్కరు కూడా వణకడం లేదు సార్," అన్నారు ప్రభంజన్‌రావు గారు.

"అద్భుతం. పక్క జిల్లాలో ఇంకా వణుకుతున్నారు."

వాళ్ల కారు మలుపు తిరిగాక దుప్పట్లు ఎత్తారు. కింద ఏమీ లేదు. గోధుమరంగు పీచు, ఎండిన మట్టి, ఆకు ఉండాల్సిన చోట నీలం సిరా మరకలు. భూదవ్వ అయిదు ట్రేలూ చేత్తో తడిమి చూసింది. ఏడవలేదు. తెలియక చేసి ఉంటే ఓర్చుకునేదేమో. వాళ్లలో ప్రతి ఒక్కడూ అన్నం తినేవాడే, వంకాయ కూర తినేవాడే, దుప్పటి కింద మొక్క బతకదని ఎరిగినవాడే. ఎరిగీ, ఇటుకలు వెతుక్కొచ్చి మరీ పెట్టారు.

"సచ్చిపోయినయని రాయి," అంది మురహరితో.

మురహరి గొంతు తగ్గించాడు. "ఎట్ల రాయాలె అవ్వా? నాలుగువందల మంది నలభై ఏండ్ల ఆడోళ్లు ఒక్కరోజు సచ్చిపోయిన్లంటే కలెక్టరు ఊకుంటడా? చావుకు కారణం దగ్గర రెండే గడులున్నయి. ఒకటి సలి, ఇంకోటి పాముకాటు. దుప్పటిచ్చినం గాబట్టి సలి గాదు. నాలుగువందల పాములను ఏడికెళ్లి తేవాలె?"

"మరేం రాస్తవు?"

"సలికాలం సెలవులకు ఊరికి పోయిన్లని రాసిన. సార్ సంతకం గూడ పెట్టిండు."

భూదవ్వ ట్రేల దగ్గర నుంచి లేచింది. ట్యాంకు వెనక్కి పోయి కొబ్బరిచిప్ప తీసుకుంది. అందులో మొక్క రెండు కొత్తాకులు వేసి ఉంది. దాన్ని రెండు చేతులతో, అందరికీ కనబడేలా పట్టుకుని, ఇరవై రెండేళ్లుగా ఆకు దాటించని ఆ గేటు దాటింది. కాపలా మనిషి లేచి, ఆమె మొహం చూసి, మళ్లీ కూర్చున్నాడు. తర్వాత ఆమె ఆ పనిలోకి పోలేదు. కనకవ్వ తట్టలో సగం కూరగాయలు తాను ఎత్తుకుని, వీధులు తిరిగి అమ్మి పొట్టపోసుకుంది.

ప్రభంజన్‌రావు గారికి ప్రశంసాపత్రం వచ్చింది. అది గోడకు తగిలించి, చలికాలం మూసివేత ఫైలు పైకి పంపబోయారు. కంప్యూటరు ఒప్పుకోలేదు. నమోదైన లబ్ధిదారులు వెయ్యి, అందినట్టు ఫోటో ఉన్నవారు తొమ్మిదివందల తొంభై తొమ్మిది. వంగ పారిజాతం అనే ఆమెకు దుప్పటి కప్పిన ఫోటో లేదు. వేరే మొక్క పెట్టి ఫోటో తీసి పంపితే వేలిముద్ర కలవలేదని తిప్పికొట్టింది. పేరు తీసేద్దామంటే, చనిపోతేనే తీస్తానంది. చలికో, పాముకాటుకో చనిపోవాలి. చలికి చనిపోయిందంటే దుప్పటి ఎందుకు ఇవ్వలేదని ప్రభంజన్‌రావు గారి ఉద్యోగానికే ఎసరొస్తుంది. పాముకాటు అంటే పంచనామా కావాలి. అలా ఒక్క దుప్పటి దగ్గర చలికాలం ఆగిపోయింది. చైత్రం పోయింది, వైశాఖం సగమైంది. నారు పథకం తెరుచుకోలేదు, మజ్జిగ పథకం తెరుచుకోలేదు. రోళ్లు పగిలే రోహిణి కార్తె వచ్చింది. కార్యాలయంలో స్వెటర్లు ఒంటి మీదే ఉన్నాయి.

ఆ రోహిణిలోనే ఒక పగటిపూట జీపు వచ్చి భూదవ్వ గది ముందు ఆగింది. ప్రభంజన్‌రావు గారు దిగారు, బుగ్గలు ఎర్రగా పొక్కిపోయి ఉన్నాయి. వెనక మురహరి, చంకలో మడతపెట్టిన దుప్పటి. జీపు సీటు మీద అట్టముక్క పరిచి ఉంది.

గడప పక్కన పగిలిన బకెట్టులో మొక్క నడుమెత్తు పెరిగింది. రెండు మూడు కాయలు కోతకొచ్చాయి. అన్నిటికన్నా కింది కొమ్మకున్న లావుపాటి కాయకు మాత్రం ఎర్రదారం కట్టి ఉంది. విత్తనానికి విడిచిన కాయను ఎవరూ కోయకుండా కట్టే దారమది.

"ఈమేనా పారిజాతం?" అన్నారు ప్రభంజన్‌రావు గారు.

"ఈమెనే సార్," అన్నాడు మురహరి.

"భూదవ్వా, జరిగినది జరిగింది. ఒక్క నిమిషం. దుప్పటి కప్పుతాం, ఫోటో తీస్తాం, తీసేస్తాం. నీ మెమో కూడా రద్దు చేస్తాను. తిరిగి విధుల్లో చేరవచ్చు."

భూదవ్వ ఆ దుప్పటిని చూసింది, ఆయన మెడలో మఫ్లరును చూసింది. "ఆదివారం లోపన్నరు గప్పుడు. నాలుగు దినాలు ఉడకబెట్టిన్లు," అంది.

"నువ్వు ఒప్పుకోకపోతే చలికాలం పోదమ్మా. నేను ఇది విప్పలేను." ఆయన స్వెటరు కాలరు పట్టుకుని చూపించారు. ఆ గొంతులో నిజంగానే ఏడుపు ఉంది.

"ఇప్పకు సార్."

మురహరి కల్పించుకున్నాడు. "అట్లనకవ్వా. పోనీ, ఎప్పుడు కప్పనిస్తవో చెప్పు. రాసుకుంట."

"సలి పెట్టినప్పుడు తీస్కరా. గప్పుడు నేనే కప్పుత."

ప్రభంజన్‌రావు గారి మొహంలో వెలుగు వచ్చింది. "అయితే వచ్చే చలికాలం. మురహరీ, వ్రాతపూర్వకంగా తీసుకో."

మురహరి జేబులోంచి పెన్ను తీసి, కాగితం మీద పెట్టబోయి ఆగిపోయాడు. టోపీ కింద చెయ్యి పెట్టి చెమట తుడుచుకున్నాడు. "ఈ సలికాలం మూయనిదే వచ్చే సలికాలం తెరువరాదు సార్. రూలు మనదే."

ఇద్దరూ ఆ ఎండలో, స్వెటర్లలో, ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ నిలబడ్డారు. భూదవ్వ వాళ్లను పొమ్మనలేదు, కూర్చోమనలేదు. వంగి, ఎర్రదారం కట్టిన కాయను వేళ్ల మధ్య పట్టి నొక్కి చూసింది. ఇంకా పచ్చిగానే ఉంది. పండి పసుపు తిరగడానికి ఇంకో ఇరవై రోజులు పడుతుంది. ఆమె చెంబుతో నీళ్లు తెచ్చి మొదట్లో పోసి, తడిసిన మట్టిని అరచేత్తో మెల్లగా అదిమింది.